సెవెరెన్ సినిమా గురించి నా అసలు మాట

ఏనుగుల సినిమాలంటే నాకు ఒళ్లుమంట. ముందే చెప్పేస్తున్నాను. తెల్లవాళ్లు తీసి, గొంతు బాగా తగ్గించి, పక్కన పసిబిడ్డ నిద్రపోతున్నట్టు మాట్లాడే సినిమాలు అవి. ఏనుగు చచ్చిపోగానే వెనకాల వయొలిన్లు ఏడుస్తాయి. సరే, ఏనుగు చావూ చావే, కాదనను. కానీ మా పిన్ని మొగుడి జొన్నచేను ఏనుగులు తొక్కిపోతే ఆయన గట్టు మీద కూర్చుని రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఆయన కోసం ఎవరూ ఏమీ వాయించలేదు. ఈ మాట నేను సినిమా క్లబ్బులో మైకు పట్టుకుని అన్నాను కూడా. హాలంతా చప్పట్లు కొట్టారు.

నా పేరు తలాతో. మా దేశపు పెద్దపట్నం వాగడూగులో, పెద్ద బజారు వెనక పేటలో, నలభై ఏళ్లు జొన్నకల్లు కాచి అమ్మాను. మావాళ్లు దాన్ని డోలో అంటారు. మా పాకకి ఎదురుగా, రోడ్డు దాటితే, ఆరుబయలు సినిమా హాలు ఉండేది. నాలుగు గోడలు, పైన ఆకాశం, ముందు సిమెంటు బెంచీలు, వెనక ఇనుప కుర్చీలు. వాన పడితే సగంమంది లేచి వెళ్లిపోయేవాళ్లు. నాలాంటి మొండిఘటాలు తలమీద గుడ్డ కప్పుకుని, తెర మీద మండుటెండలో గుర్రాలు పరిగెడుతుంటే, ఇక్కడ తడిసి ముద్దవుతూ చూసేవాళ్లం.

తెర అంటే సున్నం కొట్టిన గోడే. దానికి ఎడమవైపు ఒక బీట ఉండేది. ఎంత గొప్ప హీరోయిన్ అయినా అటు జరిగి నిలబడితే చెంప మీద గాటు పడేది, మా ముసలివాళ్ల చెంపల మీద జాతి గుర్తుగా కోసిన గాట్లు ఉంటాయే అలాంటిది. చాలా ఏళ్ల తర్వాత, చల్లటి గాలి వేసే కొత్త హాల్లో నున్నటి తెర మీద సినిమా చూస్తే నాకేదో వెలితిగా అనిపించింది. ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచిస్తే తేలింది, చెంప మీద గాటు లేదు! నవ్వుకున్నాను, కానీ దిగులు కూడా వేసింది.

కరాటే సినిమాల మీద నాకు గౌరవం. శత్రువులు పదిమంది ఉంటారు, ఒకడి తర్వాత ఒకడు మర్యాదగా వరస తప్పకుండా వచ్చి తన్నులు తిని పోతారు. మా నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లకి అందులో సగం క్రమశిక్షణ ఉన్నా నా జీవితం బాగుపడేది. ఇండియా సినిమాలు వేరు. అన్నదమ్ములు చిన్నప్పుడు తప్పిపోతారు, పెద్దయ్యాక ఒక పాటతో ఒకరినొకరు గుర్తుపడతారు. ఆ పాటల్లో ఒక్క ముక్క మాకు అర్థం కాకపోయినా, మర్నాడు జొన్నలు దంచుతూ పేటంతా అవే పాడేవాళ్లం. ఆ సినిమాల్లో నాకు నచ్చిందొకటే, వాళ్లకి నలుగురిలో ఏడవడం సిగ్గు కాదు. తల్లి ఏడుస్తుంది, కొడుకు ఏడుస్తాడు, పోలీసాయన టోపీ తీసి ఆయన కూడా ఏడుస్తాడు. మా మోసీ జాతివాళ్లకి అది తల తీసేసినంత పని. మా అమ్మ నన్ను బడితెతో కొట్టి కూడా, "కన్నీళ్లు లోపలికి మింగు, బయట జనం ఉన్నారు" అనేది.

బుధవారం బుధవారం ఆ హాల్లోనే క్లబ్బువాళ్ల సినిమా. ఎక్కువగా నిజం మనుషుల మీద తీసినవి. అది అయిపోగానే దీపాలు వేసి, మైకు చేతులు మారేది. ఎవరైనా సరే లేచి అభిప్రాయం చెప్పాలి. మొదటి మైకు ఎప్పుడూ నాకే ఇచ్చేవాళ్లు, ఎందుకంటే నేను లేస్తే జనం లేచి వెళ్లిపోరు. ఒకసారి సర్కారువారి బావి సినిమా వేశారు. అందులో ఒకావిడ నవ్వుతూ నీళ్లు తోడుతుంది. మొదటి బకెట్టుకి నవ్వింది, ఒప్పుకున్నాను. ఐదో బకెట్టుకి కూడా నవ్వింది. నేను లేచి, "అయ్యా, ఆ బకెట్టుకి అడుగు ఉందా లేదా?" అని అడిగాను. ఆ సినిమా తీసిన అధికారి మళ్లీ మా క్లబ్బు గడప తొక్కలేదు.

ఇదీ నా నోరు. ఈ నోటి వల్లే సెవెరెన్‌కి అన్యాయం జరిగింది.

సెవెరెన్ టోయే సామో మనిషి. నేను మోసీని. మా రెండు జాతులకీ తాతలనాటి నుంచి వేళాకోళపు వరస. మోసీకి సామో ఎదురుపడితే తిట్టకుండా పోకూడదు, సామోకి మోసీ ఎదురుపడినా అంతే. ఎంత తిట్టినా ఎదుటివాడికి కోపం రాకూడదు, వస్తే తప్పు వాడిది. మా మోసీలు రెండు వర్గాలై కర్రలు ఎత్తినప్పుడు కూడా, ఒక సామో ముసలాడు మధ్యలోకొచ్చి నాలుగు బూతులు తిడితే అందరూ నవ్వేసి ఇళ్లకి పోవడం నేను కళ్లారా చూశాను. వాళ్లు కుక్కతలలు తింటారని మేం అంటాం. టోపీ పెట్టుకున్నవాడు కనిపిస్తే చాలు మేం దొర అనుకుని బోర్లా పడి దండం పెడతామని వాళ్లు అంటారు. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవని ఇద్దరం అనుకుంటాం. అందులో ప్రేమ తప్ప ఇంకేం లేదు.

సెవెరెన్ మొదటిసారి మా పాకలోకి వచ్చిన రోజే భుజాన కెమెరా సంచి, సన్నగా పుల్లలా ఉన్నాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఏమే బానిసదానా, ఈ కుండలో ఉన్నది కల్లా, మీ దొర కాళ్లు కడిగిన నీళ్లా?"

"దొర కాళ్లు కడిగిన నీళ్లు నీకెందుకు పోస్తానురా? అవి మనుషులకి. నీకోసం అడుగున మడ్డి ఉంచాను, తాగు. కుక్కతల కావాలంటే మాత్రం రేపు రా, ఇవాళ అయిపోయింది."

"అయిపోయిందా? మీ ఆయన ఇంట్లో లేడా?"

పాకంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి అతను రాని సాయంత్రం లేదు.

సినిమా చదువు చదివినవాడు. నాలుగేళ్లపాటు అడగని చోటు లేకుండా అడిగి, ఫిల్ము సంపాదించి, తొగాన్ పట్నం దగ్గర తన ఊరు వెళ్లి వాళ్ల అమ్మ మీద అరగంట సినిమా తీశాడు. ఆవిడా నాలాగే కల్లు కాసే మనిషి. వయసు మీదపడి, కుండలు కోడలికి అప్పగించే ముందు ఆవిడ కాచిన ఆఖరి కల్లు, ఆ మూడు రోజుల పని, అంతే సినిమా. దాన్ని క్లబ్బులో వేసేనాటికి ఐరోపా నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడనీ, ఆయనకి నచ్చితే సినిమా వాళ్ల దేశాల్లో చూపిస్తారనీ, రెండో సినిమాకి ఫిల్ము, సామాను అన్నీ ఇస్తారనీ చెప్పాడు. రెండో సినిమా ఏం తీయాలో అతనికి ఫ్రేము ఫ్రేము తెలుసు. నా పొయ్యి దగ్గర కూర్చుని బొగ్గుముక్కతో నేలమీద గీసి చూపించేవాడు.

ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయేదాకా ఆగాడు.

"తలాతో, రేపు నువ్వు తప్పకుండా రావాలి. అక్కడికొచ్చేవాళ్లలో కల్లు కాయడం తెలిసినదానివి నువ్వొక్కదానివే. మిగతావాళ్లు ఏమన్నా అనుకోనీ. నీ మాటే నాకు కావాలి."

అంత నెమ్మదిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నాకేం చేయాలో తోచక, "వస్తాలే, కుక్కల వాసన వస్తే మాత్రం లేచి వచ్చేస్తా" అన్నాను.

మర్నాడు హాలు కిక్కిరిసింది. సినిమా మొదలైంది. వాళ్ల అమ్మ జొన్నలు నానబెట్టింది. మొలకలు ఎండబెట్టింది. దంచింది. ఒక్కతే. ఎవరితోనూ మాట్లాడదు, ఎవరూ ఆవిడతో మాట్లాడరు. రెండో రోజు తెల్లవారుజామున పొయ్యి ఆరిపోబోతే, ఆవిడ నేలమీద బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించి ఊదుతుంది. బూడిద లేచి కనురెప్పల మీద పడుతుంది. ఆవిడ కన్ను మూయదు, ఎందుకంటే అప్పుడు నిప్పు ఏవైపు పాకుతోందో చూడాలి. అది కల్లు కాసేవాళ్లకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. మా అమ్మ అలాగే ఊదేది. నేను అలాగే ఊదుతాను. మమ్మల్ని ఎవరైనా చూస్తారని, చూసి అందులో ఏదో ఉందని అనుకుంటారని నేను కలలో కూడా అనుకోలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మామూలు ఏడుపు కాదు, భుజాలు ఎగిరెగిరిపడే ఏడుపు. తలగుడ్డ మొహం మీదికి లాక్కుని, నోట్లో గుడ్డ కుక్కుకుని, సినిమా అయిపోయేదాకా అలాగే ఉండిపోయాను.

దీపాలు వెలిగాయి. మైకు సరాసరి నా చేతికి వచ్చింది. మొహం తడిగా ఉంది, మూడువందల మంది నావైపు తిరిగి నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నా సిగ్గు నన్ను తరిమింది. తెలిసిందొకటే కాబట్టి అదే చేశాను.

"ఒరే సెవెరెన్, నా బానిసా! ఇదా సినిమా? మీ అమ్మ కుండలో కుక్కతల వేసేటప్పుడు కెమెరా పక్కకి తిప్పేశావు, మేం చూడలేదనుకున్నావా? సామో ఆడది కాచిన కల్లు పోస్తే గాడిద కూడా మొహం తిప్పుకుంటుంది. పచ్చి అబద్ధంరా ఈ సినిమా! పట్టుకెళ్లి మీ అమ్మ పొయ్యిలో పెట్టు, కట్టెలైనా మిగుల్తాయి!"

జనం బెంచీల మీద నుంచి పడి పడి నవ్వారు. సెవెరెన్ తెర ముందు నిలబడి, ఎవరిదో టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుని, "చూశారా, ఇప్పుడు దండం పెడుతుంది చూడండి!" అని అరిచాడు. ఇంకా నవ్వారు. ఆ బుధవారం జరిగినంత సందడి మా క్లబ్బులో ఇంకెప్పుడూ జరగలేదు.

ముందు వరసకేసి మాత్రం ఎవరూ చూడలేదు. అక్కడ ఐరోపా పెద్దమనిషి పక్కన ఒక దుబాసీ కుర్రాడు, వేరే దేశంలో చదివి వచ్చినవాడు, నా మాటలు ముక్క పోకుండా ఆయన చెవిలో చెబుతున్నాడు. బానిస. కుక్కతల. అబద్ధం. పొయ్యిలో పెట్టు. పెద్దమనిషి మొహం కందగడ్డలా అయిపోయింది. ఒక జాతి మనిషిని ఇంకో జాతి మనిషి నిండు సభలో తల్లిపేరు పెట్టి తిడితే, ఊరు ఊరంతా నవ్విందని ఆయన అనుకున్నాడు.

మర్నాడు సెవెరెన్ హోటలుకి వెళ్లి, అయ్యా అది వరస, అది ప్రేమ అని గంటసేపు చెప్పాడట. బానిస అని తిట్టించుకున్నవాడే వచ్చి అది ప్రేమండీ అంటే ఎవరు నమ్ముతారు? పెద్దమనిషి జాలిగా భుజం తట్టి పంపించాడు. నెల తర్వాత ఉత్తరం వచ్చింది, సొంత ఊరి ప్రజలే అంగీకరించని చిత్రాన్ని మేం తీసుకోలేమని. రెండో సినిమా పుట్టలేదు. సెవెరెన్ బజారులో ఫొటో స్టూడియో పెట్టుకుని, గుర్తింపు కార్డులకి ఫొటోలు తీస్తూ బతికాడు.

ఆ ఉత్తరం వచ్చిన సాయంత్రం కూడా మా పాకకి వచ్చాడు. కల్లు పోసిన సొరకాయ బుర్ర అందుకుని ఒక గుక్క తాగి, "నీ నోరులాగే పులిసిపోయిందే ఇది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతనికి కోపం వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చినా చూపించకూడదు. నేను క్షమాపణ చెప్పకూడదు. చెబితే ఆ తిట్టు నిజం తిట్టయిపోతుంది, వరస తెగిపోతుంది.

అయినా ఒకసారి ప్రయత్నించాను. ఎవరూ లేనప్పుడు, "సెవెరెన్, ఆ రోజు నేను..." అన్నాను. బుర్ర ఠక్కున కింద పెట్టాడు. అతనికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నాతో పరాయివాడితో మాట్లాడినట్టు మాట్లాడకు. అంత చెడ్డవాణ్నా నేను?"

మరోసారి క్షమాపణ వదిలేసి, పొగుడుదామనుకున్నాను. "నేను చూసిన సినిమాలన్నింట్లో మీ అమ్మ సినిమానే గొప్పదిరా" అన్నాను. పాకంతా ఈలలు. సెవెరెన్ లేచి జేబులు తడుముకుంటూ, "మోసీది పొగిడిందంటే నా మేకల్ని లెక్కపెట్టుకోవాలి, పదండి" అన్నాడు. నిజంగా చెప్పాను, ఎవడూ నమ్మలేదు. వాళ్ల అమ్మ పోయినప్పుడు ఊరు వెళ్లి, వేళాకోళపు వరసలో మోసీ చేయాల్సిన పని చేశాను. ఆవిడ కింద చాప పట్టి లాగాను, "లే ముసల్దానా, కుండ పొంగిపోతోంది, నటించింది చాలు" అని శవాన్ని కేకలేశాను. ఏడ్చేవాళ్లంతా నవ్వారు, సెవెరెన్ కూడా. అక్కడా నా మాట నా దగ్గరే ఉండిపోయింది.

అలా ముప్పై నాలుగేళ్లు. ఆరుబయలు హాలు పడగొట్టేశారు. అక్కడ ఇప్పుడు మోటారు సైకిళ్ల సామాను అమ్ముతున్నారు. ఆ బీటవారిన గోడ పడేసిన రోజు నేను కల్లు అమ్మలేదు, పాక మూసి కూర్చున్నాను. ఇప్పుడు పిల్లలు ఫోనులో, అరచేతిలో సినిమా చూస్తారు. గుర్రం గోరంత ఉంటుంది. అయినా చూస్తాను. అభిప్రాయం చెప్పడానికే పక్కన ఎవరూ ఉండరు.

సెవెరెన్‌కి చూపు పోయింది. కంట్లో నీటికాసులు అన్నారు. మొదట పక్కలు మసకబారాయి, తర్వాత మధ్యలో ఉన్నదీ ఆరిపోయింది. కర్ర పట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ మా పాకకి వస్తూనే ఉన్నాడు. "నీ మొహం చూసే బాధ తప్పింది, దేవుడున్నాడు" అనేవాడు. నేను బుర్ర అతని చేతికి అందించి, వేళ్లు దాని చుట్టూ సరిగ్గా పడేదాకా పట్టుకుని, "ఇక నీ కల్లులో ఏం కలిపినా తెలీదు కదరా" అనేదాన్ని. నాకు రాత్రుళ్లు ఒకటే బెంగ. వీడు పోయేలోపు నా అసలు మాట వీడికి చేరాలి. వీడు దాన్ని నమ్మాలి. ఎలా?

నిరుడు ఎండాకాలంలో ఎడ్విజ్ అనే పిల్ల వచ్చింది. కాలేజీలో చదువుతూ పాత సినిమాలు పోగుచేసే పిల్ల. క్లబ్బువాళ్ల పాత బీరువాలో సెవెరెన్ సినిమా డబ్బా దొరికిందట. కంప్యూటరులోకి ఎక్కించారట. ఆదివారం మధ్యాహ్నం ఆడపిల్లల బడి హాల్లో వేస్తున్నారని చెప్పింది.

"బొమ్మ బాగానే వచ్చింది తాతా. శబ్దమే పోయింది. మొత్తం గరగర తప్ప ఇంకేం లేదు."

సెవెరెన్ నవ్వాడు. "బాగుంది. నాకు బొమ్మ లేదు, దానికి శబ్దం లేదు. మీరు చూసుకోండమ్మా, నేనొచ్చి ఏం చేస్తాను?"

"మీరు రాకపోతే ఎలా తాతా? మీ సినిమా కదా!"

కాసేపు కర్ర చివరతో నేల గీకాడు. తర్వాత నావైపు మొహం తిప్పాడు.

"ఏమే, నువ్వు వస్తావా? నా పక్కన కూర్చుని తెర మీద ఏం కనిపిస్తోందో చెప్పు. మోసీ కళ్లు నమ్మదగినవి కావు, కానీ ఇప్పుడు నాకు వేరే కళ్లు ఎక్కడున్నాయి?"

ఆదివారం హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టారు. కుర్రకారంతా కూర్చున్నారు, నా నోటి గురించి వాళ్ల అమ్మానాన్నల దగ్గర విన్నవాళ్లే. మమ్మల్నిద్దరినీ మధ్యలో, పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. బొమ్మ పడింది. నేను అతని చెవి దగ్గరికి వంగాను.

"ఇదిగో వచ్చింది మీ అమ్మ. దేవుడా, ఎంత పొట్టిదిరా! కుండ నడుస్తోందనుకున్నాను."

"నోరుముయ్యవే. ఏం చేస్తోంది?"

"జొన్నలు నానేస్తోంది. సామోలకి నీళ్లు వాడటం కూడా తెలుసన్నమాట. చెయ్యి మోచేతిదాకా దించి కలుపుతోంది."

"ఏ చెయ్యి?"

"ఎడమ."

"అవును. కుడి భుజం ఎత్తలేకపోయేది." చెవి ఇంకా దగ్గరికి తెచ్చాడు. "మొహం ఎలా ఉంది?"

నేను చూశాను. చూసింది చెప్పడం మొదలుపెట్టాను. పెదవులు కదులుతున్నాయని, లెక్కపెట్టుకుంటోందో పాడుకుంటోందో తెలియడం లేదని చెప్పాను. లెక్కే అన్నాడు. మొలకలు చాప మీద ఆరబోసిందని, మోకాళ్ల మీద నడుస్తూ వేళ్లతో పలచగా పరుస్తోందని, ఒక కోడి వస్తే చూడకుండానే గులకరాయి విసిరిందని, సరిగ్గా తగిలిందని చెప్పాను. అతను నవ్వాడు. పొయ్యి ఆరబోయింది. ఆవిడ నేలమీద పడుకుంది. బూడిద లేచింది.

"కన్ను మూసుకోలేదు సెవెరెన్. నిప్పు ఎటు పాకుతోందో చూస్తోంది. నువ్వు అంత దగ్గరికి వెళ్లి తీశావు, నీక్కూడా మట్టిలో పడుకోవాల్సి వచ్చుంటుంది."

"పడుకున్నాను."

అక్కడి నుంచి ముందుకి నాకూ కొత్తే. ఆ రోజు మొహం మీద గుడ్డ వేసుకుని నేను చూడని భాగం అది. మూడో రోజు, ఎండ పాకలోకి వచ్చింది. కల్లు చల్లారింది.

"మొదటి బుర్ర ముంచి నేలమీద పోసింది, పెద్దవాళ్లకి. రెండోది ముంచింది. తాగడం లేదు. కట్టుగుడ్డ అంచుతో బుర్ర అంచు తుడుస్తోంది, చుట్టూ, నెమ్మదిగా. ఇప్పుడు చాపింది."

"ఎవరికి?"

"నీకు. కెమెరాకేసి చాపింది. తీసుకోమంటోంది. చెయ్యి అలాగే పట్టుకుంది. బరువుకి వణుకుతోంది, అయినా దించడం లేదు. బొమ్మ కదిలింది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది, మణికట్టుకి గడియారం ఉంది. బుర్ర అందుకుంది. నీ వేళ్లు సరిగ్గా పడేదాకా ఆవిడ వదల్లేదు. ఇప్పుడు వదిలింది. నిన్నే చూస్తోంది."

తెర తెల్లగా అయిపోయింది. దీపాలు వేయడానికి ఎవరో లేచారు.

సెవెరెన్ నావైపు తిరిగాడు. "ఆ చెయ్యి తీసెయ్యమన్నారు సినిమా చదువు చెప్పిన మా మాస్టార్లు. తీసేవాడి చెయ్యి సినిమాలో కనపడకూడదట. కొట్లాడి ఉంచాను. ఆ బుధవారం మైకు ఎవరి చేతికి వెళ్లినా, ఆ చెయ్యి గురించి ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. నువ్వు కూడా."

ముప్పై నాలుగేళ్లలో ఆ సంగతి అతను ఎత్తడం అదే మొదటిసారి.

"నేను చూడలేదురా," అన్నాను. "పొయ్యి ఊదిన దగ్గరి నుంచి అయిపోయేదాకా మొహం మీద గుడ్డ వేసుకున్నాను."

"ఎందుకు?"

ఆ రోజులాగే భుజాలు ఎగిరిపడుతున్నాయి, ఈసారి గుడ్డ లాక్కోలేదు. అతను చెయ్యి చాపి వెతికి నా భుజం పట్టుకున్నాడు. అర్థమైనట్టు తల ఊపాడు.

దీపాలు వెలిగాయి. ఎడ్విజ్ మైకు తీసుకుని మా వరసలోకి వచ్చింది. కుర్రాళ్లు అప్పుడే ముందుకి వంగారు, ఒకడు "కుక్కతల!" అని అరిచాడు, నవ్వులు మొదలయ్యాయి.

"మొదటి మాట ఎప్పుడూ మీదేనట కదా అమ్మమ్మా, మీ అభిప్రాయం చెప్పండి," అంది ఎడ్విజ్.

నేను లేచాను. మైకు పట్టుకున్నాను. ఒక్క తిట్టు తట్టలేదు, ఒక్క పొగడ్త పలకలేదు. జనం ఎదురుచూస్తున్నారు. సెవెరెన్ కింద నుంచి నా కట్టుగుడ్డ పట్టుకుని లాగాడు.

"మైకు తీసేసుకో తల్లీ," అన్నాడు ఎడ్విజ్‌తో. "ఆవిడ చెప్పేసింది. ఇందాకటి నుంచి నా చెవిలో చెబుతూనే ఉంది. జొన్నలు నానేశాక ఒక్క తిట్టు తిట్టలేదు. నాకు చేరింది."

నేను కూర్చున్నాను.